గీత మనది... పగులు దానిది

పెళుసు వస్తువుతో ఓ చిక్కుంది. జోరు చేస్తే పగులుతుంది. భయపడి వదులుగా పట్టుకున్నా పగులుతుంది. అక్రిలిక్ షీటు అచ్చం అలాంటిదే. చూడ్డానికి గాజులా తళతళలాడుతుంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది. ‘ప్లాస్టికే కదా, కోయడం ఎంతసేపు’ అనిపిస్తుంది. తీరా రంపం పెట్టాక, మూల దగ్గర పటుక్కున ఓ ముక్క ఎగిరిపోతుంది. డబ్బులు పెట్టి కొన్న షీటు కాస్తా తుక్కు కింద లెక్క.

రీల్స్‌లో చూస్తే అంతా సులువే. వాళ్ల దగ్గర పెద్ద టేబులుంటుంది, దానికో తిరిగే రంపం ఉంటుంది, కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవ్స్... షీటు వెన్నలా తెగిపోతుంది. మన దగ్గర ఏముంటుంది? తార్నాకలో రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఓ మంచం, ఓ బిందె, గూట్లో తుప్పు పట్టిన స్క్రూడ్రైవరు. అయినా సరే, అక్రిలిక్‌ను శుభ్రంగా కోయొచ్చు. మేం కోశాం. అసలు ఆ అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్తాను.

మా అమ్మకు టిఫిన్ బండి ఉంది. తార్నాక మెట్రో దిగి కాస్త నడిస్తే వచ్చే ఓ గల్లీ చివర, పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా. ఇడ్లీ, వడ, మైసూర్ బజ్జీ. నేను ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఎంఏ చదువుతున్నాను. క్లాసుకి పోయే ముందు రెండు గంటలు పార్సిళ్లు కట్టడం నా డ్యూటీ. తమ్ముడు ఇంటర్. వాడి డ్యూటీ నీళ్లు మోయడం, నిద్రమొహంతో చిల్లర ఇవ్వడం.

బండి మీద వడలు, బజ్జీలు పెట్టే డబ్బాకి మూడు వైపులా గాజు పలకలుండేవి. ఓరోజు పొద్దున బండి తోసుకొస్తుంటే చక్రం గుంతలో పడింది. ముందు పలక భళ్లుమంది. పెంకులన్నీ ఏరాం, తుడిచాం. పక్కనే ఉన్న చట్నీ గిన్నె మీద మూత ఉంది. అయినా అమ్మ ఆ చట్నీ పారబోసింది. వడలు పారబోసింది. ‘‘ఒక్క పెంక ఎవరి నోట్లన్న పోతే? ఆళ్ల పానం తోటి ఆటనా?’’ అంది. ఆ రోజు అమ్మకం లేదు. మళ్లీ గాజు వద్దని అప్పుడే తేల్చేసింది.

గాజు లేకుండా ఎన్నాళ్లు? బండి ముందు నుంచే ఆటోలు, బస్సులు పోతుంటాయి. దుమ్ము కళ్ల ముందే వడల మీద వాలుతుంటే ఎవరు తింటారు? రెండు రోజులకే తేడా కనిపించింది. రోజూ వచ్చే వాళ్లు కూడా బండి వైపు చూసి, ఓ క్షణం ఆగి, ముందుకి పోయేవారు. కొత్త డబ్బా చేయిస్తే ఎంతవుతుందని ఒకచోట అడిగితే, వాళ్లు చెప్పిన రేటు మాకు వారం రోజుల మిగులు.

అప్పుడు మాకు దిక్కయ్యింది మా గల్లీ వెనక బోర్డులు చేసే అన్న. దుకాణాల పేర్లు, డాక్టర్ల బోర్డులు, వెలిగే అక్షరాలు, అన్నీ అక్రిలిక్‌తోనే చేస్తాడు. ‘‘షీటు రాణిగంజ్‌ల తెచ్చుకో చెల్లే, అగ్గువకొస్తది. కోసుడు నేను నేర్పిస్త’’ అన్నాడు.

ఇక్కడ అక్రిలిక్ గురించి నాలుగు మాటలు. దీని అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. నోరు తిరగదు కాబట్టి పీఎంఎంఏ అంటారు. 1930ల్లో జర్మనీలో, బ్రిటన్‌లో దాదాపు ఒకే కాలంలో తయారైంది. జర్మనీలో ఓటో రోమ్ అనే కెమిస్టు కంపెనీ 1933లో దీనికి ప్లెక్సిగ్లాస్ అని పేరు రిజిస్టర్ చేయించింది. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ పెర్‌స్పెక్స్ అని పెట్టింది. బరువు గాజులో సగం కూడా ఉండదు. మా బండి ముందు పలక ముప్పై అంగుళాల పొడవు, పదిహేను అంగుళాల ఎత్తు. నాలుగు మిల్లీమీటర్ల గాజైతే దాదాపు మూడు కిలోలు తూగుతుంది. అదే అక్రిలిక్ అయితే కిలోన్నర లోపే. రోజూ బండి తోసే వాళ్లకు ఆ తేడా భుజాలకు తెలుస్తుంది.

దెబ్బకు గాజు కంటే బాగా తట్టుకుంటుంది. ఒకవేళ పగిలినా గాజులా సన్నని పెంకులై చెల్లాచెదురు కాదు, పెద్ద ముక్కలుగా విడిపోతుంది. అమ్మకు కావాల్సింది సరిగ్గా అదే. పాలీకార్బొనేట్ అని ఇంకోటి కూడా ఉంది. సుత్తితో కొట్టినా పగలదు. కానీ ధర ఎక్కువ, గీతలు తొందరగా పడతాయి. పైగా అది పెళుసు కాదు కాబట్టి మేం నేర్చుకున్న పద్ధతిలో విరగదు, వంగుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఎవరైనా గుర్తుపెట్టుకోవాలి. అక్రిలిక్ వంద డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడుతుంది, నిప్పంటుకుంటే మండుతుంది కూడా. అందుకే పొయ్యి వైపు మేం అక్రిలిక్ పెట్టలేదు. అటు స్టీలు రేకు బిగించాం. ముందు వైపు, పొయ్యికి దూరంగా ఉండే పక్క వైపు మాత్రమే అక్రిలిక్.

ఇక అన్న నేర్పిన పద్ధతి.

షీటుకి రెండు వైపులా కాగితమో, పల్చటి ప్లాస్టిక్ పొరో అంటించి ఉంటుంది. తళతళలు చూడాలని ముందే పీకేయకూడదు. కొలతలు దాని మీదే రాసుకోవాలి. కోయడం, బెజ్జాలు వేయడం, అంచులు నున్నగా చేయడం అంతా అయ్యాకే తీయాలి. గీతలు పడకుండా కాపాడేది ఆ పొరే.

తర్వాత కావాల్సింది కొక్కెం లాంటి కొన ఉన్న కట్టర్. షాపుల్లో అక్రిలిక్ కట్టర్ అని అడిగితే ఇస్తారు. అన్న దగ్గరున్నది మాత్రం కొన్నది కాదు. విరిగిపోయిన యాక్సా బ్లేడు ముక్కను గ్రైండర్ మీద అరగదీసి, కొనను గద్ద ముక్కులా చేసుకున్నాడు. చేత్తో పట్టుకునే చోట సైకిల్ ట్యూబు చుట్టాడు. ‘‘పదేండ్ల సంది ఇదే’’ అని చూపించాడు.

స్టీలు స్కేలును గీత వెంబడి గట్టిగా అదిమి పట్టాలి. కట్టర్ కొనను షీటు అవతలి అంచు దగ్గర పెట్టి మన వైపు లాగాలి. మొదటిసారి చాలా తేలిగ్గా, దారి పడేంత మాత్రమే. రెండోసారి అదే గాడిలో కొంచెం ఎక్కువ. అలా పది పన్నెండుసార్లు. ప్రతిసారీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మధ్యలో ఆగకుండా. కట్టర్ సరిగ్గా తెగుతుంటే కొబ్బరి కోరులాగా సన్నని పొట్టు లేస్తుంది, కిర్రుమని చప్పుడొస్తుంది. షీటు మందంలో మూడో వంతు దాకా గాడి పడ్డాక ఆపాలి.

ఇప్పుడు షీటును టేబులు అంచు మీద పెట్టాలి. గాడి పైకి కనిపించాలి, సరిగ్గా అంచు గీత మీదే ఉండాలి. టేబులు మీదున్న భాగాన్ని ఓ చెక్కతో అదిమిపెట్టి, బయటికున్న భాగాన్ని రెండు చేతులతో ఒక్కసారిగా కిందికి నొక్కాలి. నెమ్మదిగా కాదు, అలాగని గుద్దినట్టూ కాదు. టక్. అంతే. అంచు అద్దంలా వస్తుంది.

‘‘చెల్లే, కోస్తున్న అనుకోకు. గీత గీస్తున్న అనుకో. అది ఎట్లయినా పగుల్తది. యాడ పగలాల్నో నువ్వు చెప్పాలె, అంతే’’ అన్నాడు అన్న.

అసలు షీటు ముట్టుకునే ముందు తుక్కు ముక్కల మీద చెయ్యి తిప్పుకోమని ఓ సంచెడు ఇచ్చాడు. మర్నాడు వాటిని క్యాంపస్‌కి పట్టుకెళ్లాను. మా స్నేహితురాలు ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదువుతోంది. మధ్యాహ్నం క్లాసులయ్యాక ఇద్దరం చెట్ల కింద ఓ రాతి బెంచీ పట్టాం. బెంచీ అంచే మాకు టేబులు అంచు. టక్, టక్ అని ముక్కలు విరుగుతుంటే పక్కన పోటీ పరీక్షలకు చదువుకునే వాళ్లు తలెత్తి చూశారు. కాసేపటికి వాళ్లలో ఒకతను వచ్చి ‘‘నాకూ ఒకటివ్వు’’ అని కూర్చున్నాడు.

గీత పడితే అక్కడే ఎందుకు పగులుతుంది? నా ప్రశ్నకు మా స్నేహితురాలు గ్రిఫిత్ కథ చెప్పింది. అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజినీరు విమానాల పరిశోధనలో పనిచేసేవాడు. గాజు లెక్క ప్రకారం ఉండాల్సినంత బలంగా ఎందుకుండదు అన్నది ఆయన ప్రశ్న. సన్నటి గాజు పోగులు తీసి తెంపి చూశాడు. పోగు ఎంత సన్నగా ఉంటే, దాని మందానికి అంత ఎక్కువ బలం చూపించింది. 1921లో అచ్చయిన పేపర్లో ఆయన చెప్పింది ఇదీ: పెళుసు వస్తువులో కంటికి కనిపించని చిన్న చిన్న పగుళ్లు ముందే ఉంటాయి. మనం వంచినప్పుడు ఆ బలమంతా షీటు నిండా సమానంగా పంచుకోదు, పగులు కొన దగ్గర పోగవుతుంది. పగులు ఓ హద్దు దాటి పెరిగిందంటే ఇక దానంతటదే పరిగెడుతుంది.

మనం గీసే గాడి అంటే ఏంటన్నమాట? షీటులో ఉన్న అన్ని పగుళ్ల కంటే పెద్ద పగులు. మనం ఎంచుకున్న చోట, మనం గీసిన దారిలో. వంచగానే బలమంతా అక్కడికే పరిగెడుతుంది. రంపంతో కోసేటప్పుడు షీటు ఊగితే, పళ్లు తగిలిన ప్రతిచోటా చిన్న పగులు పుడుతుంది. వాటిలో ఏది పరిగెత్తుతుందో మన చేతిలో ఉండదు. మెషిన్ రంపం బాగా వేగంగా తిరిగితే ఇంకో తంటా. వేడికి పొట్టు కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది.

అప్పుడు నా చూపు ఎదురుగా ఆర్ట్స్ కాలేజీ గోడల మీద పడింది. ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది 1918లో. ఈ గులాబీ రంగు గ్రానైట్ భవనం బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్‌తో కట్టి, 1939లో ప్రారంభించారు. అందరం దాని ముందు ఫొటోలు దిగేవాళ్లమే. గ్రానైట్ కూడా పెళుసే. మన దగ్గర రాయి కొట్టే వాళ్ల పాత పద్ధతి ఏంటి? బండ మీద వరుసగా చిన్న చిన్న గుంటలు తొలుస్తారు. వాటిలో ఇనుప మేకులు దిగేస్తారు. ఒక్కదాన్నే గట్టిగా కొట్టరు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్కో దెబ్బ. మళ్లీ మొదటి నుంచి. చప్పుడు మారేదాకా వింటూ కొడతారు. చివరికి బండ వరుస వెంబడి తిన్నగా చీలుతుంది. గ్రిఫిత్ పేపర్ రాయక ముందు నుంచీ ఆ లెక్క వాళ్ల చేతుల్లో ఉంది. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా ఉండవు.

ఆ ఆదివారం అసలు షీటు కోశాం. అన్న షాపులోనే, ఆయన బల్ల మీదే. స్కేలు అమ్మ పట్టుకుంది. ‘‘గిది పగిల్తే?’’ అంది. ‘‘పగలాల్సిందే కదమ్మా’’ అన్నాను. పలక తిన్నగా విరిగింది. అమ్మ అంచు మీద వేలు పెట్టబోతే అన్న ఆపాడు. విరిచిన అంచు కత్తిలా ఉంటుంది. ముందు బ్లేడు వీపుతో గీకి, ఆ తర్వాత నీళ్లు తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దాలి. మొదట 220 నంబర్, తర్వాత 400, ఆపైన 600. అప్పుడు పిల్లలు చెయ్యి పెట్టినా తెగదు.

బెజ్జాల సంగతి వేరే. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, కింద చెక్క పెట్టాలి, నొక్కకూడదు. అంచుకు మరీ దగ్గరగా వేయకూడదు. ముఖ్యంగా బెజ్జం బోల్టు కంటే పెద్దగా ఉండాలి. అక్రిలిక్ ఎండకు పెరుగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మన హైదరాబాద్‌లో చలికాలం పొద్దున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 42 అనుకోండి. ఆ తేడాకి మా ముప్పై అంగుళాల పలక దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. కదలడానికి చోటు లేకపోతే బోల్టు దగ్గరే పగులు మొదలవుతుంది. అందుకే 4 మిల్లీమీటర్ల బోల్టుకు 6 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, రబ్బరు వాషరు పెట్టి, చేత్తో తిప్పినంతే బిగించాం. మా తమ్ముడికి ఆ ‘చేత్తో తిప్పినంత’ సరిపోలేదు. వాడు ఓ తుక్కు ముక్క మీద పానా వేసి బిగించి చూశాడు. బోల్టు చుట్టూ నక్షత్రంలా చీలింది. వాడు దాన్నిప్పటికీ కీచైన్‌లా వాడుతున్నాడు.

పలక బిగించాక కొత్త సమస్య వచ్చింది. అది మరీ స్పష్టంగా ఉంది. వడ తీయబోయి అమ్మ రెండుసార్లు వేళ్లు కొట్టుకుంది. మూడోసారి పట్టకారు తగిలింది. మేం నవ్వాం. అమ్మ నవ్వలేదు. మర్నాడు పొద్దున చూస్తే పలక మీద వరుసగా నాలుగు ఎర్ర బొట్టు బిళ్లలు అంటించి ఉన్నాయి. ‘‘ఇగ కనవడ్తది’’ అంది.

అప్పుడు మా నవ్వు ఆగిపోయింది. పలక స్పష్టంగా ఉండటం ఒక్కటే కాదు కారణం. అమ్మ కళ్లలో శుక్లం ఉందని కంటి వెలుగు శిబిరంలోనే చెప్పారు. ఆపరేషన్ చేయించుకోమన్నారు. అమ్మ ‘ఎండాకాలం పోనీ’ అంది, తర్వాత ‘పండగ పోనీ’ అంది. బండి బంద్ పెట్టాలని ఒక బాధ. ఇంకో బాధ అప్పుడే బయటపెట్టింది. ‘‘కంట్ల గాజుబిళ్ల పెడ్తరంట. బండి మీద గాజే పగిలె. కంట్ల పగిల్తే ఎట్ల బిడ్డా?’’

దానికి జవాబు మా బండి మీదే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల కాక్‌పిట్ మూతలు అక్రిలిక్‌తో చేసేవారు. గుళ్లు తగిలి అవి పగిలినప్పుడు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకునేవి. హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టర్ ఒకటి గమనించాడు. వేరేవి గుచ్చుకుంటే చాలాసార్లు కన్ను వాచిపోతుంది. ఈ ముక్కలున్న కళ్లు మాత్రం నిమ్మళంగా ఉన్నాయి. శరీరం దాన్ని పరాయిదనుకోవడం లేదు. శుక్లం తీసేశాక కంట్లో పెట్టే లెన్సును దీంతోనే చేస్తే? 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్లో ఆయన మొదటిసారి అలాంటి లెన్సు పెట్టాడు. తోటి డాక్టర్లు చాలామంది ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి ప్రపంచమంతా ఒప్పుకుంది. ముసలితనంలో రిడ్లీ కూడా అలాంటి లెన్సులే పెట్టించుకున్నాడు. మన దేశంలో 1992లో మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి, ఈ లెన్సుల్ని పేదవాళ్లకు అందే ధరలో చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు మడతపెట్టే మెత్తటి లెన్సులు కూడా వచ్చాయి. వాటిలోనూ ఎక్కువ భాగం అక్రిలిక్ కుటుంబమే.

ఇదంతా అమ్మకు ఒకేసారి చెప్పలేదు. పార్సిళ్లు కడుతూ, రోజుకి ఇంత చొప్పున చెప్పాను. చివరి రోజు పలక మీద వేలితో కొట్టి, ‘‘నీ కంట్లో పెట్టేది గాజు కాదమ్మా, ఇదే జాతిది’’ అన్నాను. అమ్మ మెడ వంచి, బొట్టు బిళ్లల మధ్య నుంచి పలకను చాలాసేపు చూసింది. ‘‘గిదేనా?’’ అంది. ఇంకేం మాట్లాడలేదు. పదకొండింటికి బండి కట్టేశాక, ‘‘దవాఖానకు ఎప్పుడు పోదాం?’’ అని తనే అడిగింది.

సర్కారు కంటి దవాఖానలో తేదీ ఇచ్చారు. ముందు ఎడమ కన్ను. ఆ వారం బండి నేను, తమ్ముడు నడపాలి. ఇడ్లీ పిండి కొలతలు కాగితం మీద రాసిస్తున్న అమ్మ, మధ్యలో ఆగి పలక గురించి చెప్తోంది. ‘‘సబ్బు నీళ్లు, మెత్తటి బట్ట. పేపర్‌తోని తుడవకుర్రి, గీతలు పడ్తయ్. స్పిరిట్ పెట్టకుర్రి.’’ ఈ చివరిది అన్న చెప్పిన జాగ్రత్త. స్పిరిట్, శానిటైజర్ లాంటివి తగిలితే అక్రిలిక్ లోపల వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు లేస్తాయి. అమ్మ అది ఒక్కసారే విని గుర్తుపెట్టుకుంది.

షీటులో ఇంకో అడుగు ముక్క మిగిలింది. చట్నీ గిన్నెల ముందు చిన్న అడ్డు చేద్దామంటున్నాడు తమ్ముడు. ఈసారి గీత తనే గీస్తాడట. పానా మాత్రం దాచిపెట్టాను.